ఐఐఎఫ్‌ఎంనా, టిస్సా? సహజ వనరుల పీజీ గురించి చెప్పండి

గోదారిగట్టు: బీఎస్సీ అగ్రికల్చర్ ఆఖరి సెమిస్టర్. పీజీకి భోపాల్ ఐఐఎఫ్‌ఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్) ఒకటి, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లో నాచురల్ రిసోర్సెస్ అండ్ గవర్నెన్స్ ఎంఏ ఒకటి చూస్తున్నా. నాన్నేమో గ్రూప్స్ రాయమంటున్నారు, పాలసీ చదివి ఏం చేస్తావురా అని రోజూ అదే పాట. రెండింటికీ తేడా ఏంటి?

కొండవాగు: చాలా తేడా ఉంది తమ్ముడూ. ఐఐఎఫ్‌ఎంలో ప్రధానంగా ఎంబీఏ, క్యాట్ లాంటి మేనేజ్‌మెంట్ ఎంట్రన్స్ స్కోరు కావాలి, అడవితో పాటు ఫైనాన్స్, మార్కెటింగ్ తప్పవు. టిస్‌ది సోషల్ సైన్స్. ఉదాహరణకి 2006 అటవీ హక్కుల చట్టమే తీసుకో, 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న పోడు భూమికి గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల దాకా హక్కు ఇవ్వొచ్చు, దరఖాస్తు గ్రామసభలో మొదలై సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ దాటాలి. అది ఏ బల్ల మీద ఆగిపోతుంది, ఎందుకు ఆగుతుంది అని ఊళ్లో కూర్చుని తేల్చుకోవడమే అసలు చదువు. క్లాసులో వినేది సగమే.

కాలువలెక్క: అడవే ఎందుకు, నీళ్లూ చూడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే సాగునీటి సంఘాల చట్టం తెచ్చింది. కాగితం మీద నిర్వహణ రైతులదే, కాలువ చివరి భూములవాళ్లని అడిగితే వేరే కథ చెప్తారు.

గోదారిగట్టు: థాంక్స్ అన్నా. మరి ఉద్యోగాలు?

కొండవాగు: ఎన్జీవోలు, ప్రభుత్వ ప్రాజెక్టులు, కన్సల్టెన్సీలు. మొదట్లో జీతం తక్కువే, ముందే చెప్తున్నా. నాన్నగారికి ఇంకో మాట చెప్పు, నీ డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్ కూడా రాయొచ్చు.