1908 వెబ్బింగ్: ప్యాక్ తగిలించగానే బెల్టు ఛాతీకి ఎక్కుతోంది, ఎందుకు?

హలసూరు_నాటకం:
బెంగళూరులో మా తెలుగు నాటకం కోసం మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పదాతి సైనికుడి 1908 ప్యాటర్న్ వెబ్బింగ్ (నవారుతో కుట్టే బెల్టు, పట్టీలు, సంచుల సామాను) రెండు సెట్లు కుట్టిస్తున్నాం. బెల్టుకు మూడంగుళాల నూలు నవారు, భుజం పట్టీలకు రెండంగుళాలది, రెండూ చిక్‌పేటలో కొన్నవే. తూటా సంచుల్లో థర్మోకోల్ పెట్టాం. ప్యాక్‌లో (వీపు సంచిలో) కోటు, దుప్పటి మడిచి పెట్టి తగిలిస్తే బెల్టు ముందు భాగం పైకి లేస్తోంది, పట్టీలు మెడ దగ్గర ఒరుసుకుంటున్నాయి. లోపం డిజైన్‌లోనా, కుట్టులోనా?

తూటా_సంచి:
థర్మోకోల్‌లో ఉందండీ. ఈ సెట్టు తక్కెడలాంటిది. పట్టీలు ముందు తూటా సంచులకు, వెనక బెల్టుకు బిగుస్తాయి. ప్యాక్ ఆ పట్టీలకే వేలాడుతుంది. ముందు బరువు లేకపోతే వెనక బరువు బెల్టును పైకి లాగేస్తుంది.

ఒక్కో వైపు ఐదు సంచులు, సంచికి 15 రౌండ్లు (తూటాలు), మొత్తం 150. అప్పటి బ్రిటిష్ రైఫిల్‌లో వాడే .303 రౌండు ఒక్కోటి సుమారు 25 గ్రాములు. అంటే సంచికి 375 గ్రాములు, ముందు వైపు మొత్తం పావు తక్కువ నాలుగు కిలోలు. ఇనుప నట్లు తూచి, పాత గుడ్డలో బిగించి మూటకట్టి పెట్టండి. వదులుగా వేస్తే అడుగుకు చేరి గలగలమంటాయి. ఇసుక వద్దు, కుట్ల సందుల్లోంచి రాలుతుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి బకిల్ విప్పి నిలబడండి. గుండీలు విప్పిన కోటులా సెట్టు ఒంటి మీదే నిలవాలి. నడకలో బెల్టు విప్పుకుని గాలి పోసుకునే వీలు ఈ డిజైన్‌లోని అసలు గొప్పదనం.

నవారు_నేత:
నవారు సంగతి కూడా చూడండి. మంచానికి వాడేది వదులు నేత. గోటితో నొక్కితే పోగులు విడిపోతున్నాయంటే పనికిరాదు. గట్టిదైనా సరే, కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. లేకపోతే కుట్టాక ముడుచుకుపోయి కుట్టు దగ్గర కుచ్చులు పడుతుంది.

పట్టీ కొసలకు ఇత్తడి రేకు మడిచి కొట్టించండి. అది లేని కొస రెండు రోజుల్లో కుంచెలా విచ్చుకుని బకిల్‌లో దూరదు. అతుకు దగ్గర చతురస్రం కుట్టి, లోపల ఇంటూ గుర్తు వేయించాలి. అంచున ఒకే వరస కుడితే బరువంతా ఆ గీత మీదే పడి చిరుగుతుంది.

కందకం_గట్టు:
డిజైన్‌లో లోపాలే లేవని మాత్రం అనలేం. బోర్లా పడుకుంటే పది సంచులూ పొట్ట కింద నొక్కుకుంటాయి. కందకం గట్టుకు ఆనుకున్నప్పుడు ఎడమ వైపు సంచుల మూతలు ఊడి తూటాలు రాలేవి. 1914లో వాటికి అదనంగా పట్టీలు పెట్టారు. మీ కథ ఆ తర్వాతిదైతే అవి వేయించండి. దాడికి దిగే సీనులో ప్యాక్ తీసేసి హావర్‌సాక్‌ను (పక్కన వేలాడే చిన్న సంచిని) వీపు మీదికి మార్చండి, అప్పట్లో పద్ధతి అదే.

హలసూరు_నాటకం:
నట్లు పెట్టాం, బెల్టు లేవడం ఆగింది. బకిల్ విప్పితే మాత్రం సెట్టు ఎడమకు ఒరుగుతోంది.

తూటా_సంచి:
నీళ్ల సీసా ఖాళీగా ఉంచారా? ఎడమ వైపు హావర్‌సాక్, బాయినెట్, తవ్వే పనిముట్టు పిడి ఉంటాయి. కుడి వైపు వాటికి సరితూగేది ఆ సీసానే. రెండు పింట్లు, అంటే సుమారు 1.1 లీటర్లు పడుతుంది. మూత దాకా నింపి మళ్లీ విప్పి చూడండి.