ఆరు చక్రాల లారీకి థర్డ్ పార్టీ ఒక్కటే సరిపోతుందా?

రాయగడ జామాయిల్: నమస్కారం. నాకొక పాత ఆరు చక్రాల లారీ ఉంది. జామాయిల్ కర్ర కాగితం మిల్లుకు వేస్తాను, తిరుగు కిరాయి దొరికితే విజయనగరం వైపు వెళ్తాను. వచ్చే నెల ఇన్సూరెన్స్ గడువు ముగుస్తుంది. ఇంకో పది చక్రాల బండి కూడా కొనే ఆలోచనలో ఉన్నాను. చట్టం అడిగేది ఎంత, నాకు అవసరమయ్యేది ఎంత?

సాలూరు పాత బండి: చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్. ఆ ప్రీమియం ప్రభుత్వం ఖరారు చేసేది కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి వచ్చిన పట్టికలో 12 టన్నులు దాటి 20 టన్నుల వరకు 35,313 రూపాయలు, ఆపైన 40 టన్నుల వరకు 43,950, పన్ను వేరు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువును చూస్తారు, మీరు వేసే లోడును కాదు. ఏజెంటు సగం ధరకు ఇప్పిస్తానన్నాడంటే ఆ కాగితం దొంగదే. మా వీధిలో ఒకాయన రెండేళ్లు అలాంటి పాలసీతోనే తిరిగాడు, చలానా పడ్డాక గానీ తెలియలేదు. మొదటిసారి జరిమానా 2,000 లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

జయపురం ఘాట్: జరిమానా సంగతి అటుంచండి. సుంకి ఘాట్ దిగుతుండగా నా బండి పల్టీ కొట్టింది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. డ్రైవర్ బతికాడు, అది చాలు. క్యాబిన్ మాత్రం నా జేబులోంచే కట్టించాను. పైగా లోడు సిమెంటు, దాని యజమాని నా గుమ్మంలో కూర్చున్నాడు. థర్డ్ పార్టీ మన బండికీ కాదు, మనం మోసే సరుకుకూ కాదు. సరుకుకు వేరే పాలసీ ఉండాలి, అది ఎవరు తీసుకున్నారో లోడు ఎత్తకముందే అడగండి. నేను అడగలేదు.

పర్లాకిమిడి: ఎదుటి మనిషి చనిపోతే పరిహారానికి హద్దు లేదు. ఆస్తి నష్టానికి మాత్రం ఏడున్నర లక్షల వరకే. జీతానికి ఉన్న డ్రైవర్, క్లీనర్ల కోసం మనిషికి 50 రూపాయలు అదనంగా కట్టించండి, టీ ఖర్చు. బండి మీరే నడిపితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చూసుకోండి. సంత రోజున లోడు మీద ఎక్కే జనం సంగతి వేరు. 1994 సవరణ తరువాత సరుకు యజమానికి, అతని మనిషికి రక్షణ ఉంది గానీ డబ్బులిచ్చి ఎక్కినవారికి లేదు.

రాయగడ జామాయిల్: మా దారిలో ఎక్కించుకోకపోతే ఊళ్లో మాట పడాలి.

పర్లాకిమిడి: మాట పడండి, బాబూ.

సాలూరు పాత బండి: ఇంకొకటి. పాలసీ ఉన్నా పర్మిట్ లేకుండా ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితులకు చెల్లించి ఆ డబ్బు మన దగ్గర రాబట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త బండికి ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అది మన బండి నష్టానికీ వర్తిస్తుంది. పాతదానికి ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో లెక్కేసుకుని నిర్ణయించండి.

రాయగడ జామాయిల్: పాతది పద్నాలుగేళ్ల బండి. దానికి థర్డ్ పార్టీతోనే ఆపేస్తాను. ఒడిశా పర్మిట్ ఉంది, ఆంధ్రా వైపుది చూడాలి.

సాలూరు పాత బండి: చూడాలి కాదు, కర్ర దించగానే చూడండి. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ కూడా.