మొక్కల లెక్క పక్కనపెడితే, నగరం అడవికి ఏం చేయగలదు?

చిగురు:
నగరాల పర్యావరణ ప్రణాళికల్లో అడవి మాట "ఈ ఏడాది ఇన్ని లక్షల మొక్కలు" దగ్గరే ఆగిపోతోంది. నగరానికి ఎగువన ఉన్న సహజమైన అడవి నిలవాలన్నా, పోయినచోట మళ్లీ రావాలన్నా పాలక సంస్థ తన డబ్బును, అధికారాన్ని ఎక్కడ పెట్టాలి? పద్ధతులు, కొలతలు తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పండి.

ఏటిగట్టు:
మొదట నీటి బిల్లు వైపు చూడండి. న్యూయార్క్‌కు వచ్చే నీళ్లలో దాదాపు 90 శాతం కాట్స్‌కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాలవే. వాటికి వడపోత కేంద్రం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైగా అవుతుందని అంచనా వేశారు. ఆ దారి వదిలి, 1997లో నగరం ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అమ్మడానికి ఇష్టపడ్డవాళ్ల దగ్గరే భూమి కొనడం, పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించడం, పేడ, ఎరువులు వాగులో కలవకుండా రైతులతో కలిసి పొలం ప్రణాళికలు వేయడం అందులో ఉన్నాయి. బలవంతపు భూసేకరణ లేదు. అది లేకపోవడం వల్లే ఒప్పందం నిలిచిందని నా అభిప్రాయం.

ఈక్వడార్ రాజధాని కిటోలో నీళ్లొచ్చే ఎగువ నేలలను కాపాడడానికి 2000లో నీటి నిధి పెట్టారు. నీటి సంస్థ అమ్మకాల రాబడిలో 2 శాతం అందులోకి వెళ్లాలని తర్వాత నగర చట్టమే చేశారు. నిధి ట్రస్టు రూపంలో ఉంటుంది, దాని రాబడితో పనులు నడుస్తాయి. ఈ డబ్బును సాధారణ ఖజానాలో కలిపితే మాత్రం రెండో బడ్జెట్‌కల్లా రోడ్లకో డ్రైనేజీకో పోతుంది. విడిగా ఖాతా, విడిగా పాలకమండలి ఉండాలి. అందులో ఎగువ ఊళ్లవాళ్లకూ ఓటు ఉండాలి.

మట్టివాసన:
ఏటిగట్టు గారూ, ఒక్క హెచ్చరిక. "చెట్లు నాటితే నీళ్లు పెరుగుతాయి" అన్న మాట నిధి పత్రాల్లోకి ఎక్కనివ్వకండి. త్వరగా పెరిగే చెట్లు నీళ్లు బాగా తాగుతాయి. ఆండీస్‌లో పారమో అనే ఎత్తైన గడ్డి నేలల్లో పైన్ తోటలు వేస్తే వాగుల్లో నీరు తగ్గింది. సహజంగా గడ్డి ఉండే నేలను గడ్డిగానే కాపాడాలి. అడవి వల్ల నీటికి కలిగే పెద్ద మేలు ఒండ్రు తగ్గడం, వాలు నిలవడం, వాన నేలలోకి ఇంకడం. ఒప్పందంలో ఇవే రాయండి, కొలవడానికీ వీలుంటుంది.

కలపలెక్క:
నగరం చేతిలో ఉన్న రెండో పగ్గం కొనుగోళ్లు. ఎక్కడో కొట్టేసిన అడవి బెంచీలుగా, తలుపులుగా, కాగితంగా నగరంలోకి వస్తుంది. న్యూయార్క్ సముద్రతీరపు నడకదారుల్లో ఉష్ణమండలపు గట్టి కలప ఎక్కువగా వాడేవారు. దాన్ని తగ్గించే ప్రణాళికను నగరం 2008లో ప్రకటించింది.

టెండర్లో "పర్యావరణ హితమైన కలప" అని రాస్తే ఎవరినీ పట్టుకోలేరు. చెట్టు శాస్త్రీయ నామం, నరికిన దేశం, ఎఫ్ఎస్‌సీ (అడవిని బాధ్యతగా చూసుకుంటూ తీసిన కలపకు ముద్ర ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) వంటి ధ్రువీకరణ అడగండి. ధ్రువీకరణ కోడ్, "ఎఫ్ఎస్‌సీ 100%" లేదా "ఎఫ్ఎస్‌సీ మిక్స్" అన్న మాట ప్రతి సరకు ఇన్వాయిస్‌పైనా ఉండాలి. కంపెనీకి సర్టిఫికెట్ ఉందంటే పంపిన సరకుకూ ఉన్నట్టు కాదు, ఎక్కువ మోసం ఇక్కడే జరుగుతుంది. ఆ కోడ్‌ను ఎఫ్ఎస్‌సీ వెబ్‌సైట్‌లో వెతికి గడువు, ఉత్పత్తుల జాబితా సరిచూశాకే బిల్లు పాస్ చేయాలి.

అందరూ మరిచిపోయేది కాంక్రీటు పోసేటప్పుడు అచ్చుగా కట్టే సెంట్రింగ్ ప్లైవుడ్. అది కట్టడంలో మిగలదు కాబట్టి టెండర్ జాబితాలోకే రాదు. "పనిలో తాత్కాలికంగా వాడే కలపకు కూడా" అని ఒక్క ముక్క చేరిస్తే ఆ కంత పూడుతుంది.

విత్తులమూట:
పునరుద్ధరణ గురించి రాస్తాను. నాటే ముందు నేలను చదవాలి. స్థలంలో పదిచోట్ల 5 మీటర్ల వ్యాసార్ధంతో వలయాలు గీసి, ఒక్కోదాంట్లో అర మీటరు దాటిన సహజ మొలకలు, పిలకలేస్తున్న మోళ్లు, చెట్లు లెక్కపెట్టండి. వలయానికి సగటున 25 ఉంటే హెక్టారుకు సుమారు 3,200 అన్నమాట. అక్కడ ఒక్క మొక్కా నాటనవసరం లేదు. మంట, మేత ఆపి, మొలకల చుట్టూ కలుపు తీస్తే చాలు. తక్కువ పడితే ఆ తేడా మేరకే నాటాలి, 1.8 మీటర్ల ఎడంతో.

నాటాల్సివస్తే 20 నుంచి 30 స్థానిక జాతులు ఉండాలి. పక్షులను రప్పించే పండ్ల చెట్లు కొన్ని తప్పనిసరి, మిగతా జాతుల విత్తనాలు అవే తెస్తాయి. ఒక్కో జాతి ఒక్కో నెలలో కాస్తుంది కాబట్టి నర్సరీకి ఏడాదిన్నర ముందే ఆర్డరివ్వాలి. రెండు నెలల ముందు చెబితే దొరికే నాలుగు రకాలే నాటాల్సి వస్తుంది. ఎక్కువ నగరాల పని చెడేది ఇక్కడే. 30–50 సెంటీమీటర్ల మొక్కలు తీసుకోండి. సంచిలో ముదిరిన పెద్ద మొక్కకు వేర్లు చుట్టలు తిరిగి, నాటాక గాలికి ఒరిగిపోతుంది. నాటడానికి రెండు నెలల ముందు నుంచి నీడ, నీళ్లు తగ్గిస్తూ ఎండకు అలవాటు చేయాలి. తొలి వానలు నిలదొక్కుకోగానే నాటి, మొదటి రెండేళ్లు వానాకాలంలో కనీసం మూడుసార్లు కలుపు తీయాలి. 40–50 సెంటీమీటర్ల అట్టముక్కను మల్చింగ్‌గా, అంటే మొక్క మొదలు చుట్టూ నేలను కప్పేలా పరిస్తే ఆ పని తేలికవుతుంది. అట్ట కాండాన్ని తాకకూడదు, కుళ్లుతుంది. పొడి కాలానికి ముందు చుట్టూ కనీసం 8 మీటర్ల వెడల్పున ఫైర్ లైన్ (మంట దాటకుండా గడ్డీ చెత్తా తీసేసిన పట్టీ) గీయాలి.

చిగురు:
చాలా ఉపయోగపడింది. కాంట్రాక్టరుకు డబ్బు ఏ లెక్కన ఇవ్వాలి? ఉపగ్రహ చిత్రాలతో తనిఖీ కుదురుతుందా?

ఏటిగట్టు:
నాటిన రోజున మొత్తం ఇచ్చేస్తే కలుపు తీసేవాడు ఉండడు. నాటినప్పుడు కొంత, తర్వాత మూడేళ్లపాటు పొడి కాలం ముగిశాక బతికినవి లెక్కపెట్టి మిగతాది ఇవ్వండి. లెక్కకు విత్తులమూట గారు చెప్పిన వలయాలే వాడొచ్చు. వాటి స్థానాలు కాంట్రాక్టరు కాకుండా నగరం ఎంచుకోవాలి. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్–2 చిత్రంలో ఒక చుక్క నేలపై 10 మీటర్లు. మోకాలెత్తు మొక్క అందులో కనిపించదు, గడ్డి పచ్చదనమే కనిపిస్తుంది. ఉన్న అడవి నరికివేతను పట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. మబ్బులున్న నెలల్లో రాడార్‌తో చూసే సెంటినెల్–1 తోడు తీసుకోండి.

మట్టివాసన:
పార్కుల సంగతి కూడా చూడండి. లాంటానా లాంటి అలంకార మొక్కలు పక్షుల ద్వారా అడవికి చేరతాయి. నగర నర్సరీల జాబితా నుంచి ముందు వాటిని తీసేయాలి. అడవిలోకి చేరినదాన్ని పైపైన కొడితే రెట్టింపుగా చిగురిస్తుంది. నేలమట్టానికి కొద్దిగా దిగువన వేరు నరికి, మొదలును తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. మట్టిలో దాగిన గింజలు మొలుస్తూనే ఉంటాయి కాబట్టి తర్వాతి వానాకాలాల్లోనూ పీకే కూలీ ఖర్చును మొదటి అంచనాలోనే రాయించండి.