నిల్టన్ శాంటోస్ వేసిన ఆ అడుగు: తెలివా, మోసమా?

పాతబంతి:
1962 ప్రపంచ కప్, చిలీలోని వీన్యా డెల్ మార్. స్పెయిన్ 1–0తో ముందుంది. బ్రెజిల్ లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) నిల్టన్ శాంటోస్ గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ లోపల స్పెయిన్ ఆటగాడు కొల్యార్‌ను పడగొట్టాడు. వెంటనే చేతులెత్తి, ఏమీ ఎరగనట్టు బాక్స్ గీత బయటికి అడుగేశాడు. ఫౌల్ గీత బయట జరిగిందనుకుని, పెనాల్టీ ఇవ్వాల్సిన రిఫరీ ఫ్రీకిక్‌తో సరిపెట్టాడు. తర్వాత అమరిల్డో రెండు గోల్స్ కొట్టాడు, బ్రెజిల్ గెలిచింది, చివరికి కప్పూ కొట్టింది. అందరూ దీన్ని సమయస్ఫూర్తి అని మెచ్చుకుంటారు. నా దృష్టిలో పచ్చి మోసం.

ఎడమకాలు:
ఒక్క అడుగుతో మనిషిని తేల్చేస్తారా? 1948 నుంచి 1964 దాకా బొటాఫోగో తప్ప ఇంకో క్లబ్‌కు ఆడలేదు. ఆటంతా తెలిసినవాడని 'ఎన్‌సైక్లోపీడియా' అని పిలిచారు. లెఫ్ట్ బ్యాక్ వెనకే కాపలా ఉండాలనే రోజుల్లో, 1958 ప్రపంచ కప్‌లో ఆస్ట్రియా మీద ముందుకు దూసుకెళ్లి గోల్ కొట్టాడు. కోచ్ ఫియోలా వెనక్కి రమ్మని అరుస్తూనే ఉన్నాడట. ట్రయల్‌లో తనకే చుక్కలు చూపించిన వింగర్ గరించాను క్లబ్‌లోకి తీసుకోమని పట్టుబట్టింది కూడా ఈయనే.

మైదానం:
వీడియో చూడండి. ఫౌల్ గీత లోపలే.

పాతబంతి:
నేను కెరీర్ గురించి అడగలేదండీ. మా జిల్లా సెమీఫైనల్లో మా ఫార్వర్డ్‌ను బాక్స్‌లోనే పడేశారు. ఆ డిఫెండర్ కూడా ఇలాగే బయటికి జరిగి నిలబడ్డాడు. రిఫరీ నమ్మాడు, మేం ఓడిపోయాం. మావాడు మోకాలు పట్టుకుని గీత లోపలే పడి ఉన్నాడు, అటు చూసినవాడే లేడు.

ఎడమకాలు:
మీ జిల్లా మ్యాచ్ కోపం శాంటోస్ మీద చూపిస్తే ఎలా? ఆ ఫ్రీకిక్ తర్వాత స్పెయిన్ ఆటగాడు పెయిరో కొట్టిన బైసికిల్ కిక్ గోల్ కూడా చెల్లదన్నాడు రిఫరీ. అదీ శాంటోస్ తప్పేనా?

రైట్ వింగ్:
1954 ప్రపంచ కప్‌లో హంగరీ ఆటగాడు బోజిక్‌తో కొట్లాడితే రిఫరీ మైదానం బయటికి పంపింది ఈయన్నే కదా.

ఎడమకాలు:
దానికీ దీనికీ సంబంధం లేదు.

పాతబంతి:
సూటిగా చెప్పండి. పెద్ద పేరున్నవాడు చేస్తే తెలివి, మా ఊరి కుర్రాడు చేస్తే మోసమా?

ఎడమకాలు:
రెండూ తెలివే! ఆటగాడు తన మీద తనే సాక్ష్యం చెప్పాలా?

పాతబంతి:
చెప్పక్కర్లేదు. ఉన్నచోట నోరు మూసుకుని నిలబడితే చాలు, నేనేమీ అనను. కదిలి రిఫరీకి అబద్ధం చూపించాడు. నా గొడవంతా అక్కడే.

ఎడమకాలు:
పేలే గాయంతో బయట ఉన్నాడు, టీమ్ ఒక గోల్ వెనకబడి ఉంది. అలాంటప్పుడు కదలకుండా నిలబడే డిఫెండర్ నా టీమ్‌లో నాకొద్దు.

పాతబంతి:
నాకు వాడే కావాలి.