మూర్ఛ అనాలా, ఫిట్స్ అనాలా?

మందులకి లొంగని మూర్ఛకి చేసే ఆపరేషన్ల పరిశోధన మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మూర్ఛ అంటే స్పృహ తప్పడమే కదా, రామాయణంలో లక్ష్మణుడికి వచ్చిందీ మూర్ఛే. జబ్బుకి ఆ మాట వాడొచ్చా? ఫిట్స్ అనడమే నయమా?

—

జబ్బు పేరుగా మూర్ఛ ఎప్పుడో స్థిరపడిపోయిందండీ, దాన్ని కదపకండి. చిక్కంతా ఫలితాలు చెప్పేటప్పుడే. కెనడాలోని లండన్ నగరంలో చేసి 2001లో ప్రచురించిన ట్రయల్ ఉంది కదా, 80 మందిలో సగం మందిని ఆపరేషన్‌కి, సగం మందిని మందులకి చీటీ పద్ధతిలో విడదీశారు. ఏడాది తర్వాత ఆపరేషన్ వాళ్లలో 58 శాతం, మందుల వాళ్లలో 8 శాతం అని అందరూ చెప్పే లెక్క అదే. కానీ అది ‘ఫిట్స్ పూర్తిగా పోయినవాళ్ల’ లెక్క కాదు, ఎరుక తప్పే ఫిట్స్ రానివాళ్లది. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టయి క్షణాల్లో సర్దుకునేవి ఉంటాయి, అప్పుడు మనిషి తెలివిగానే ఉంటాడు, అవీ ఫిట్సే. వాటినీ కలిపి ఏ ఫిట్సూ రానివాళ్లని లెక్కేస్తే 38 శాతానికి 3 శాతం. అందుకే జబ్బుకి మూర్ఛ, వచ్చిపోయేదానికి ఫిట్స్ అని నేనైతే విడగొడతాను. ‘స్పృహ తప్పే’ అన్నా పూర్తిగా సరిపోదు, ఎందుకంటే కొందరు పడిపోరు, కళ్లు తెరిచే ఉంటాయి, పెదాలు చప్పరిస్తుంటారు, పిలిస్తే మాత్రం పలకరు.

—

ఎయిమ్స్ ఢిల్లీ వాళ్లు 116 మంది పిల్లల మీద చేసింది కూడా చేర్చండి, 2017ది. అక్కడ ఏడాదికి ఫిట్స్ రానివాళ్లు ఆపరేషన్ వాళ్లలో 77 శాతం, మందుల వాళ్లలో 7 శాతం.

మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ గురించి రాస్తే ‘మెదడుకి ప్రేరణ’ అనొద్దు బాబోయ్, మోటివేషన్ క్లాసులా ఉంటుంది. ‘కరెంట్ పెట్టడం’ అంటే ఇంట్లోవాళ్లు షాక్ ట్రీట్‌మెంట్ అనుకుని హడలిపోతారు. ఛాతీ చర్మం కింద పెట్టిన పరికరం నుంచి మెదడు లోపలి థాలమస్‌కి సన్నని విద్యుత్ తరంగాలు పంపుతారని విడమరిచి రాయడమే మేలు. అమెరికాలో 110 మందితో చేసిన ట్రయల్లో రెండేళ్లకి ‘56 శాతం’ అని వస్తుంది, దాన్ని 56 శాతం మందికి నయమైందని రాసేస్తారు చాలామంది! కాదు, ఫిట్స్ సంఖ్య తగ్గిన శాతం అది, అదీ మధ్యస్థ విలువ, అంటే సగం మందికి అంతకన్నా తక్కువే తగ్గింది.

—

ఎరుక తప్పే అంటే మా కరీంనగర్ దిక్కు వేరేగ అనుకుంటరు, ఎరుక అంటే మాకు తెలుసుడే. సోయి తప్పే అనుండ్రి, ఇట్టే సమజైతది.

—

సోయి బాగుంది. మొదటిసారి వచ్చినచోట స్పృహ అని పక్కన పెట్టి, తర్వాతంతా సోయి అనే రాస్తాను.