మా ఐక్లర్ ఇల్లు గీసింది క్లాడ్ ఓక్లండా, క్విన్సీ జోన్సా?

మాది కాలిఫోర్నియా సన్నీవేల్‌లో జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు 1961లో కట్టిన ఇల్లు. మధ్యలో ఆకాశం కనపడే ఏట్రియం (మన మండువా లాంటిదే, అందుకే అంత ఇష్టం), పైన దూలాలు, నేల కింద వేడినీళ్ల పైపులు. పైకప్పు మార్పిస్తున్నాం. అంతకు ముందే అసలు ప్లాను చూడాలి, దాని తీరు చెడగొట్టకూడదు.

ఐక్లర్ బిల్డరే, ఆర్కిటెక్టు కాదు. అప్పట్లో ఆయనకు ఇళ్లు గీసినవాళ్లలో 1960లో సొంత ఆఫీసు పెట్టుకున్న ఓక్లండ్ ఉన్నారు, లాస్ ఏంజిలెస్ నుంచి జోన్స్, ఆయన భాగస్వామి ఎమన్స్ ఉన్నారు. ఓక్లండ్ కాగితాలు బర్కిలీ యూనివర్సిటీలో, జోన్స్‌వి లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఉన్నాయి.

పర్మిట్ ఫైలు తీయించాను, బిల్డరు పేరు ఒక్కటే ఉంది. ఇల్లు అమ్మిన ఏజెంట్ జోన్స్ అన్నారు, ఆధారం లేదు. పక్కింటి పెద్దాయన ఓక్లండ్ అంటారు. ఈ కాగితాలు దాచిన ఒక ఆర్కైవ్‌కి అడ్రసుతో మెయిల్ పెడితే మోడల్ నంబరు (ఏ డిజైనో చెప్పే నంబరు) చెప్పమన్నారు. అల్మారాల లోపలా, హీటర్ గదిలోనూ టార్చ్ వేసి వెతికాను, ఎక్కడా కనపడలేదు. రెండు వారాల్లో పని మొదలవుతుంది, టెన్షన్‌గా ఉంది.

ఐక్లర్ ఇంటి మోడల్ నంబరు మీలో ఎవరైనా కనుక్కున్నారా, ఎక్కడ దొరికింది?