ఆగస్టులో శ్రీలంక: ఒక దిక్కు ముసురు, ఇంకో దిక్కు మండే ఎండ. నిజంగనే గట్ల ఉంటదా?

మిర్యాలగూడ_ప్రయాణం:
ఆగస్టు రెండో వారంల నలుగురం శ్రీలంక పోతున్నం. ఇద్దరు అరవై దాటినోళ్లు. కొలంబో, నువారా ఎలియ, ఎల్ల, ట్రింకోమలీ అనుకున్నం. ఫోన్ల చూస్తే నువారా ఎలియల 16 డిగ్రీలు, వాన. ట్రింకోమలీల 35, మొగులే లేదు. రెండింటి నడుమ సూటిగ రెండు వందల కిలోమీటర్లు కూడ లేదు. యాప్ తప్పు చూపిస్తుందా? బట్టలు ఏం పెట్టుకోవాలె, రోజులు ఎట్ల పంచుకోవాలె?

పాలమూరు_మొగులు:
యాప్ చూపేది నిజమే అన్నా. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ప్రధానంగా నైరుతి గాలే. సముద్రం మీది తేమంతా మోసుకొచ్చే ఆ గాలికి దీవి నడుమ కొండలు అడ్డం పడతాయి. పిదురుతలాగల శిఖరం ఎత్తు 2,524 మీటర్లు. అడ్డం తగిలిన గాలి పైకి ఎక్కుతుంది, ఎక్కినకొద్దీ చల్లబడుతుంది.

లెక్క వేసి చూడండి. తీరంలో గాలి 28 డిగ్రీలు అనుకుందాం. మబ్బు కట్టేదాకా ప్రతి 100 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. 500 మీటర్ల దగ్గర మబ్బు కడితే అక్కడ 23. ఆ పైన ఆవిరి నీరవుతూ వేడిని వదులుతుంది కాబట్టి తగ్గుదల సగమే, 100 మీటర్లకు దాదాపు అర డిగ్రీ. 1,900 మీటర్లకు చేరేసరికి 16. నువారా ఎలియ 1,868 మీటర్ల మీద ఉంది, సగటు ఉష్ణోగ్రత కూడా 16 దగ్గరే. ఇక అవతలి వాలు. నీళ్లన్నీ పడమర దింపేసిన గాలికి తూర్పున దిగేటప్పుడు మబ్బు ఉండదు, 100 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. 16కు 19 కలిపితే 35. ట్రింకోమలీ ఎండ అదే. కొంత తేమ మిగులుతుంది, కొంత గాలి కొండల పక్కనుంచి చుట్టి పోతుంది, అందుకని అంకె రోజూ ఇంత కచ్చితంగా రాదు. కానీ పద్ధతి ఇదే. తూర్పు తీరంలోని మట్టక్కళప్పు (బట్టికలోవా) వైపు తమిళులు ఈ పొడి వేడిగాలిని కచ్చాన్ అంటారు.

వానలోనూ అంతే తేడా. పడమటి వాలు మీద ఏడాదికి 5,000 మి.మీ. దాటే చోట్లున్నాయి. వాయవ్య, ఆగ్నేయ మూలల్లో 900 దగ్గర ఆగిపోతుంది. మన పాలమూరు కరువుకూ మూలం ఇట్లాంటిదే. కర్ణాటక పడమటి కనుమల్లోని అగుంబెలో 7,000 మి.మీ. పైగా కురిపించిన గాలి మక్తల్, నారాయణపేటకు వచ్చేసరికి జోరే తప్ప చినుకు తక్కువ. కాకపోతే మనది పీఠభూమి, గాలి సముద్రమట్టం దాకా దిగదు.

సాగర్_భూగోళం:
పై లెక్క ఆగస్టుకు సరిపోతుంది. ఏడాదంతటికీ అదే అనుకుంటే తప్పు. చాలామంది కొలంబోలో జులై, ఆగస్టులలోనే ఎక్కువ వాన పడుతుందనుకుంటారు. కాదు. అక్కడ ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలలే భారీ. రుతుపవనాల నడుమ ఉండే మార్చి-ఏప్రిల్, అక్టోబర్-నవంబర్‌లలో గాలి బలం తగ్గుతుంది. పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో కురుస్తుంది, ఏ వాలు అన్న తేడా అంతగా ఉండదు. దానికి తోడు అక్టోబర్-నవంబర్‌లో బంగాళాఖాతం వాయుగుండాలు. 1978 నవంబర్ తుఫాను మట్టక్కళప్పును దెబ్బతీసింది. 2014 అక్టోబర్ 29న కొస్లాంద దగ్గర మీరియబెద్ద తేయాకు తోటలో కొండచరియ విరిగి కూలీల ఇళ్లను పూడ్చేసింది. అది ఆగస్టులో పొడిగా ఉండే తూర్పు వాలు వైపే. వయసు మళ్లినవాళ్లతో ఆ రెండు నెలల్లో కొండలు వద్దు.

డిసెంబర్-ఫిబ్రవరిలో గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పుడు ట్రింకోమలీ తడుస్తుంది, పడమటి వాలు ఆరుతుంది. తేయాకు కూడా దీన్నే అనుసరిస్తుంది. తూర్పు వాలు మీది ఊవా తోటల మేలురకం ఆకు జులై నుంచి సెప్టెంబర్ వరకు, పడమటి డింబుల ఆకు జనవరి నుంచి మార్చి వరకు. పొడిగాలికి ఆకు నెమ్మదిగా ఎదిగి సువాసన చిక్కబడుతుంది. ఆగస్టులో కొనేదుంటే ఊవా పొడి అడగండి.

మిర్యాలగూడ_ప్రయాణం:
మస్తు వివరంగ చెప్పిన్రు సార్. నువారా ఎలియ దగ్గరి హోర్టన్ ప్లెయిన్స్ కొండమైదానం కూడ చూద్దామనుకున్నం, మరి అది తీసేయాల్నా? పెద్దోళ్లు నడుస్తరు.

పాలమూరు_మొగులు:
నడక సమస్య కాదన్నా, మబ్బు సమస్య. ఆ మైదానం 2,100 మీటర్ల మీద ఉంది. వాన తక్కువుండే నెలల్లోనే వరల్డ్స్ ఎండ్ అనే లోయ అంచు దగ్గర 9, 10 గంటలకల్లా మబ్బు కమ్మేస్తుంది. పొద్దెక్కి వాలు వేడెక్కగానే లోయలోని తేమగాలి పైకి పాకుతుంది. ఆగస్టులో రోజంతా అట్లనే ఉండొచ్చు. లోయ చూడడానికే అయితే తీసేయండి. జనవరి-మార్చి దానికి సరైన కాలం, అప్పుడు తెల్లారి గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులూ ఉంటాయి.

రోజుల సంగతి: నువారా ఎలియలో ఒక్క రాత్రి చాలు, ఎల్లలో రెండు, మిగతావి ట్రింకోమలీకి. రైల్లో పోతే పట్టిపొల స్టేషన్ దాటాక సొరంగం వస్తుంది, వాన నీరు రెండు వైపులకూ విడిపోయే గట్టు అదే. ఆగస్టులో ఇవతల ముసురు, అవతల ఎండ ఉండే రోజులు చాలా. ఎల్ల వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, పగలు హాయిగా ఉంటుంది.

హాలియా_తేమ:
బట్టల గురించి. నువారా ఎలియలో నూలు బట్ట తడిస్తే మర్నాటికీ ఆరదు. 16 డిగ్రీల గాలిలో తేమ నిండుగా ఉంటే నీరు పోయే దారి లేదు. పాలిస్టర్ చొక్కా, పలుచని స్వెటర్, టోపీ ఉన్న రెయిన్‌కోటు పెట్టుకోండి. గాలికి గొడుగు నిలవదు. సాక్సులు మనిషికి మూడు జతలు, ప్లాస్టిక్ కవరులో విడిగా. ట్రింకోమలీకి నూలు బట్టలే మేలు. ఒక్క రోజులో 16 నుంచి 35కు దిగితే పెద్దవాళ్లకు దాహం తెలియకుండానే నీరు తగ్గుతుంది, దారిలోనే ఓఆర్ఎస్ తాగించండి.

యాప్‌ను ఒక్క విషయంలో నమ్మొద్దు. అది కొన్ని కిలోమీటర్ల గడి మొత్తానికి ఒకే ఎత్తు లెక్కిస్తుంది. మీ హోటల్ ఆ ఎత్తుకు 500 మీటర్లు పైన ఉంటే చూపినదానికంటే మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది. హోటల్ ఎత్తు మ్యాప్‌లో చూసుకోండి. ఘాట్ ఎక్కే ముందురోజు శ్రీలంక జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరిక చూడండి. 24 గంటల్లో 75 మి.మీ. దాటితే అప్రమత్తం, 100 దాటితే హెచ్చరిక, 150 దాటితే ఖాళీ చేయమంటారు. 100 దాటిన రోజు కొండ ఎక్కకుండా దారిలో వచ్చే కాండీలోనే ఉండిపోండి.